కత్తి సరే, జీతం ఎవరిచ్చారు?

అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ అందింది. హైదరాబాద్ అత్తాపూర్‌లోని సిక్కు ఛావనీ, అదే ఆ దండు విడిది, దాని మీద తెలుగులో ఎవరైనా రాస్తే బాగుండునని ఎన్నాళ్లనుంచో అనుకుంటున్నవాణ్ణి, కవరు చింపి అక్కడే కూర్చుని చదివేశాను. మొదటి పేజీలోనే 'బోలే సో నిహాల్' అన్న సిక్కుల నినాదం మూడుసార్లు. రెండో పేజీలో మూసీ ఒడ్డున పంజాబ్‌లోలా ఆవాల చేలు. మూడో పేజీలో ఒకడు మీసం మెలేసి 'ఓయే' అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆ మంట మీదే రాస్తున్నాను, కాస్త ఓర్చుకో.

నిజాం సర్కారులో చక్రం తిప్పుతున్న చందూలాల్ కోరితే 1832లో మహారాజా రంజిత్ సింగ్ లాహోర్ నుంచి దళాన్ని పంపాడని హైదరాబాద్ సిక్కులు తరతరాలుగా చెప్పుకుంటారు. నువ్వూ అదే తీసుకున్నావు, మంచిదే. కానీ దిగిన దగ్గర్నుంచీ నీ హీరో చేసే పనేమిటి? పేజీకోసారి కత్తి దూస్తాడు. ఎవరి మీదికో నీకూ తెలిసినట్టు లేదు. ఒక్కసారైనా జీతం తీసుకున్నాడా? గుర్రానికి దాణా కొన్నాడా? నెల గడవక సాహుకారు గుమ్మం ఎక్కాడా?

నన్నెరిగినవాళ్లు ఇది వినీ వినీ విసిగిపోయారు, నువ్వు కొత్త కాబట్టి నీకూ చెబుతాను. సిపాయి కథ రాసేవాళ్లు ముందు బట్వాడా సంగతి తేల్చుకోవాలి. జీతం ఎవరిచ్చారు, ఎన్ని నెలలు ఎగ్గొట్టారు, ఇచ్చినందుకు ఏం చేయించుకున్నారు. ఇవి తేలితే మనిషి కనబడతాడు. తేలకపోతే తలపాగా ఒక్కటే కనబడుతుంది.

అందులోనూ నువ్వు పట్టుకున్న ఊరు హైదరాబాద్! ఆనాటి ఇక్కడి రాజకీయమంతా సిపాయిల జీతాల చుట్టూనే తిరిగింది. అరబ్బులు, రోహిల్లాలు, సిక్కులు, ఎవరి దళం వాళ్లది. ఖజానా ఖాళీ. సర్కారు సాహుకార్ల అప్పుల మీద నడిచేది. రావాల్సిన బాకీల కింద అరబ్బు జమేదార్లు తాలూకాల వసూళ్లే తమ చేతిలో పెట్టుకున్నారు. ఇంగ్లీషు అధికారుల కింద ఉన్న హైదరాబాద్ కాంటింజెంట్ ఖర్చు బాకీ పడ్డందుకే 1853లో బేరార్ ప్రాంతం నిజాం చెయ్యి జారి ఇంగ్లీషువాళ్ల చేతికి పోయింది. (నువ్వు ఆ కాంటింజెంట్‌నీ లాహోర్ దళాన్నీ ఒకటి చేసేశావు. రెండూ వేరు, సరిదిద్దుకో.) అదే ఏడాది దివాన్ అయిన సాలార్‌జంగ్‌కి ఈ కిరాయి దళాలను దారికి తేవడమే పెద్ద తలనొప్పి అయింది. ఇంత సరుకు చేతిలో పెట్టుకుని ఆవాల చేలెందుకమ్మా?

ఆ లాహోర్ దళం చేత చేయించుకున్న పనుల్లో శిస్తు వసూలు ఒకటి. ఎవరి దగ్గర? కట్టలేని, కట్టని పల్లెల దగ్గర. ఊరి చావిడి ముందు గుర్రం దిగిన ఆ పొడుగాటి మనిషిని చూసి మన రైతు ఏమనుకున్నాడు? ఇతనికి తెలుగు రాదు, అతనికి పంజాబీ రాదు. మధ్యలో మాట చేరవేసిందెవరు, ఎంత కలిపి చెప్పాడు? ఈ సీను పంజాబ్‌లో కూర్చున్న రచయితకి తట్టదు. తెలుగులో రాస్తున్న నీకు తట్టాలి. తట్టే ఉంటుంది, హీరో మీద మరక పడుతుందని దాటేశావని నా అనుమానం.

నీ తప్పు కొంతే అనుకో. ఈ కాలమే అలా ఉంది. చరిత్ర అనగానే గూస్‌బంప్స్ రావాలి, రీల్‌కి పనికొచ్చే ఒక డైలాగ్ ఉండాలి. మా రోజుల్లోనూ తక్కువేం కాదు. నిజాం లష్కర్లో గుర్రాలకు నాడాలు కొట్టేవాడి మీద నేనొక కథ రాశాను. జీతం కోసం దఫ్తరు గుమ్మం దగ్గర పొద్దుగూకేదాకా కూర్చోవడమే కథంతా. ఒక వారపత్రిక ఎడిటర్‌గారు ఆ గుమ్మం సీను ఎత్తేసి, 'మెరుపులా కత్తి తళుక్కుమంది' అని సొంత వాక్యం చేర్చారు. చిత్రకారుడు ఇంకో మెట్టెక్కి నాడాలవాణ్ణి తెల్లగుర్రం మీద కూర్చోబెట్టాడు. నా కథలో అతను ఒక్కసారీ గుర్రమెక్కడు! పారితోషికం అడగబోతే వచ్చే నెల రమ్మన్నారు. ఆ వచ్చే నెల ఇప్పటికీ రాలేదు. నాడాలవాడికీ నాకూ అలా చుట్టరికం కలిసింది.

ఇక నాందేడ్ భాగం. తమ్ముడు కాంబక్ష్ మీదికి హైదరాబాద్ వైపు కదిలిన మొఘల్ చక్రవర్తి బహదూర్‌షా దండుతో సిక్కుల పదో గురువు గోవింద్ సింగ్ 1708లో అక్కడికి రావడం, మాధోదాస్ బైరాగి బందా సింగ్‌గా మారడం, అక్టోబర్ 7న గురువు కన్నుమూయడం, తేదీలన్నీ ఉన్నాయి. ఊరు మాత్రం లేదు. అమృత్‌సర్‌ని తెచ్చి గోదావరి ఒడ్డున దించావు. సాయంత్రం అక్కడి తఖ్త్ (సిక్కుల అయిదు పీఠాల్లో ఒకటి) ముందు ఎప్పుడైనా కూర్చున్నావా? లోపలి గది దగ్గర నిలబడి ఒక్కొక్క ఆయుధాన్నీ పైకెత్తి సంగత్‌కి, అంటే చేరిన భక్తులకి, చూపిస్తారు. వెనక ఉన్న పిల్లల్ని తండ్రులు భుజాలకెత్తుకుంటారు. దీపాలతో హారతి ఇస్తారు. ఆకాశమే పళ్లెం, సూర్యచంద్రులే దీపాలని గురునానక్ పాడిన మతంలో ఈ హారతి! గోదావరి నీళ్లు రోజూ బిందెతో మోసుకొస్తారు. గురు గ్రంథ సాహిబ్‌తో పాటు పదో గురువు పేర ఉన్న దశమ గ్రంథాన్నీ కొలువుంచుతారు. పండగలకు మేకను కోస్తారు. ఉత్తరాది నుంచి వచ్చిన సిక్కుల్లో కొందరికి ఇవి మింగుడుపడవు. అక్కడివాళ్లు మాత్రం మేం పాతపద్ధతే నిలుపుకున్నాం అంటారు. ఈ పేచీ నీ కథలో ఒక్క వాక్యమైనా లేదే!

నువ్వు గమనించని ముక్క ఇంకొకటుంది. ఇప్పుడున్న ఆ తఖ్త్ కట్టడం సాగింది 1832 నుంచి 1837 దాకా. నీ హీరో హైదరాబాద్ వచ్చిన ఏడాదే మొదలు. సొమ్ము రంజిత్ సింగ్‌ది, నేల నిజాంది. ఒకే మహారాజు పేరు చెప్పుకుని ఒకడు శిస్తుకి, ఒకడు రాళ్లు పేర్చడానికి దక్కన్ వచ్చారు. ఆ ఇద్దర్నీ ఒక రాత్రి ఒకే సత్రంలో పడుకోబెట్టు, నీ కథ దానంతటదే నడుస్తుంది. నాందేడ్ మనకి పరాయిదీ కాదు. ఆ గురుద్వారా పాలన చట్టం 1956లో హైదరాబాద్ రాష్ట్రం చేసిందే. నవంబర్‌లో జిల్లా బొంబాయి రాష్ట్రంలోకి వెళ్లిపోయింది.

చివర్లో ఆ దాదీ పప్పులో చింతపులుసు పోస్తూ సిక్కుల ప్రార్థన జప్‌జీ చదువుకోవడం, మధ్యలో ఆపి కూరగాయలవాడితో 'గింత పిరమా?' అనడం బాగుంది. ఆ నాలుగు లైన్ల జోలికి పోకు.

పోటీకి పంపాలా, పుస్తకం ఎవరు వేస్తారు అని అడిగావు. ఎడిటర్ల సంగతి పైన చెప్పాను కదా. ముందు బేరార్ సంగతి, సాలార్‌జంగ్ సంగతి చదువు. నాందేడ్ వెళ్లి రెండు రోజులుండు, ఫోన్ బ్యాగులో పెట్టి. తర్వాత ఆవాల చేలు పీకేసి మళ్లీ రాసి పంపు. ఈసారి అక్షరాలు కొంచెం పెద్దవి పెట్టు, నా కళ్లజోడు పాతది.

ఉంటాను.