సగటు ప్యాకేజీ 8 లక్షలు చూసి ఇల్లు తాకట్టు పెట్టొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయికి ఎప్‌సెట్ కన్వీనర్ కోటాలో దగ్గర్లోని కాలేజీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) వచ్చేలా ఉంది. ఒక ప్రైవేటు యూనివర్సిటీ వాళ్లు ఏడాదికి 3.5 లక్షల ఫీజుతో సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) ఇస్తామంటున్నారు. సగటు ప్యాకేజీ 8 లక్షలని బ్రోచర్‌లో ఉంది. ఇల్లు తాకట్టు పెట్టి 14 లక్షల లోన్ తీసుకోవచ్చా? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఆ 8 లక్షల అంకెను చూసి మాత్రం ఇల్లు తాకట్టు పెట్టకండి. వాళ్లు అబద్ధం చెబుతున్నారని నేననను. అంకె నిజమే అయినా మీకు పనికొచ్చే అంకె అది కాదు. పది మందిలో ఒకరికి 44 లక్షలు, మిగతా తొమ్మిది మందికి తలా 4 లక్షలు వచ్చాయనుకోండి, సగటు తీస్తే సరిగ్గా 8 లక్షలు. ఆ పదిమందిలో 8 లక్షలు తెచ్చుకున్నవాళ్లు ఒక్కరూ లేరు! పైగా ఉద్యోగం రానివాళ్లు ఈ లెక్కలోకి అసలు రారు.

ప్యాకేజీ అన్న మాటను కూడా విప్పి చూడాలి. నా దగ్గరికి వచ్చిన ఒకాయన, కొడుకు ఆఫర్ లెటర్ టేబుల్ మీద పెట్టి 6.5 లక్షలండీ అన్నారు, ముఖం వెలిగిపోతోంది. రెండో పేజీ తిప్పితే అందులో లక్ష జాయినింగ్ బోనస్, 60 వేలు వేరియబుల్ (పనితీరును బట్టి ఇచ్చేది), 80 వేలు కంపెనీ కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ, ఇన్సూరెన్స్. నెలనెలా వచ్చే జీతం లెక్క 4.1 లక్షలే, పీఎఫ్, వృత్తి పన్ను పోగా చేతికొచ్చేది 32 వేలు. ఆయన ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్న తీరు నాకింకా గుర్తుంది.

ఇప్పుడు మీ లోన్ చూద్దాం. ఏడాదికి 3.5 లక్షల చొప్పున, 10.5 శాతం వడ్డీకి తీసుకుని, చదువయ్యాక ఏడాది వరకు ఏమీ కట్టకపోతే 14 లక్షలు దాదాపు 19 లక్షలవుతుంది. పదేళ్లలో తీర్చాలంటే ఈఎంఐ నెలకు దాదాపు 25,800. పెద్ద ఐటీ కంపెనీలు ఫ్రెషర్లకు ఎక్కువగా ఇచ్చేది మూడున్నర లక్షల చుట్టుపక్కలే, అంటే చేతికి పాతిక వేలు. అంతా ఈఎంఐకే పోతే హైదరాబాద్‌లో హాస్టల్ డబ్బులు ఎవరు కడతారు, మళ్లీ మీరే కదా?

మరి దేన్ని నమ్మాలి? కాలేజీలకు కేంద్రం ర్యాంకులిచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ సైట్‌లో కాలేజీ పేరు వెతికి, వాళ్లిచ్చిన డేటా తెరవండి. గడువులో పాసైనవాళ్లు ఎందరు, ప్లేస్ అయినవాళ్లు ఎందరు, పై చదువులకు వెళ్లినవాళ్లు ఎందరు, మీడియన్ జీతం ఎంత, అన్నీ ఏడాదివారీగా ఉంటాయి. మీడియన్ అంటే జీతాలన్నీ వరసగా పేరిస్తే సరిగ్గా మధ్యలో ఉండేది. అదీ కాలేజీలు తామే ఇచ్చే లెక్కే, బ్రాంచిల వారీగా ఉండదు, అయినా బ్రోచర్ కన్నా చాలా నయం. ఊరి దగ్గర కాలేజీనీ ఇలాగే చూడండి, పేరు కనబడకపోతే అక్కడ ఫైనలియర్ పిల్లలతో మాట్లాడండి.

నేనైతే కన్వీనర్ సీటు వైపే మొగ్గుతాను. ఈసీఈ చదివినవాళ్లను కూడా సాఫ్ట్‌వేర్ కంపెనీలు తీసుకుంటాయి, ఆ నాలుగేళ్లలో అమ్మాయి కోడింగ్ నేర్చుకోవడానికి అయ్యే ఖర్చు 14 లక్షల పక్కన లెక్కలోకే రాదు. యూనివర్సిటీనే కావాలని అమ్మాయి పట్టుబడితే, పోయినేడాది సీఎస్‌ఈ ఫైనలియర్‌లో ఎందరున్నారు, ఎందరికి ఉద్యోగమొచ్చింది, మీడియన్ ఎంత అని మెయిల్ పెట్టండి. రాతపూర్వకంగా జవాబు వచ్చేదాకా సీటు బుకింగ్ అడ్వాన్స్ కట్టకండి.