తల్లికి హెపటైటిస్‌-బి ఉంటే బిడ్డకు మొదటి రోజే టీకా ఎందుకు?

ప్రశ్న: మాది పాకాల దగ్గర పల్లె. నాకిప్పుడు ఎనిమిదో నెల. రక్తపరీక్షలో హెపటైటిస్‌-బి పాజిటివ్ వచ్చింది. కామెర్లు లేవు, బాగానే ఉన్నాను. పుట్టగానే బిడ్డకు టీకా వేయాలంటున్నారు. పసిగుడ్డుకు అప్పుడే సూదేంటని మా అత్త ఒప్పుకోవడం లేదు. నా పాలు ఇవ్వొచ్చా?
- ఒక సోదరి

జవాబు: అమ్మా, ఇది మీ అత్తగారికి కూడా చదివి వినిపించండి. లివర్‌కు సోకే ఈ వైరస్ తల్లి నుంచి బిడ్డకు ఎక్కువగా కాన్పు సమయంలోనే సోకుతుంది. పెద్దవాళ్లకు సోకితే చాలామందిలో దానంతటదే పోతుంది. పుట్టుకలో సోకితే మాత్రం పదిమందిలో తొమ్మిదిమందికి ఒంట్లోనే ఉండిపోతుంది. పైకి ఏమీ కనిపించదు. ఏళ్లు గడిచాక లివర్ గట్టిపడటం, క్యాన్సర్ రావడం జరగొచ్చు. తొందరంతా అందుకే.

మీ బిడ్డకు రెండు సూదులు కావాలి, 12 గంటల్లోపు, ఒక్కో తొడకు ఒకటి. ఒకటి టీకా. అది పనిచేయడానికి కొంత సమయం పడుతుంది. ఆ లోపు కాపాడేది రెండోది, ఇమ్యునోగ్లోబ్యులిన్ (వైరస్‌తో పోరాడే ప్రతిరక్షకాలు సిద్ధంగా ఉన్న మందు). టీకా ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. రెండోది ఖరీదైన మందు, ఫ్రిజ్‌లో ఉంచాలి, అన్నిచోట్లా దొరకదు. అర్ధరాత్రి కాన్పయ్యాక మీవాళ్లు తిరుపతిలో మెడికల్ షాపుల చుట్టూ తిరిగే పరిస్థితి రాకూడదు. కాన్పు ఎక్కడనుకుంటున్నారో అక్కడ ఈ వారమే అడిగి ఏర్పాటు చేసుకోండి. రిపోర్టు ఫైల్లో అన్నిటికన్నా పైన పెట్టండి. 108లో వేరే ఆసుపత్రికి వెళ్లాల్సి వచ్చినా, డ్యూటీ నర్సుకు మొదట చెప్పాల్సింది ఇదే. ఇమ్యునోగ్లోబ్యులిన్ దొరకలేదని టీకా మాత్రం ఆపొద్దు.

తర్వాత 6, 10, 14 వారాలకు వేసే పెంటావాలెంట్ (ఐదు జబ్బులకు కలిపి వేసే టీకా)లోనే ఈ టీకా కూడా ఉంటుంది. ఒక్కటీ తప్పొద్దు. 9 నుంచి 12 నెలల మధ్య బిడ్డకు రక్తపరీక్ష చేయించండి.

పాలు నిస్సంకోచంగా ఇవ్వండి. చనుమొనలు పగిలి రక్తం వస్తుంటే డాక్టరుకు చూపించండి.

ఇక మీ సంగతి. రక్తంలో వైరస్ ఎంత ఉందో చెప్పే వైరల్ లోడ్ పరీక్ష వెంటనే చేయించండి. ఆ లెక్క 2 లక్షల యూనిట్లు (మిల్లీలీటరుకు) దాటితే, వైరస్‌ను తగ్గించే టెనోఫోవిర్ మాత్రలు మొదలుపెడతారు. మామూలుగా ఏడో నెలలోనే ఇస్తారు కాబట్టి ఇంకా ఆలస్యం వద్దు. పసరు మందు జోలికి మాత్రం వెళ్లకండి, దానితో ఈ వైరస్ పోదు, కొన్ని పసర్లు లివర్‌నే దెబ్బతీస్తాయి.

మీవారికి, ఇంట్లో అందరికీ పరీక్ష చేయించండి. నెగటివ్ వచ్చి, రక్షణ లేనివాళ్లు మూడు డోసులు వేయించుకోవాలి: ఇప్పుడు, నెలకు, ఆరు నెలలకు. కలిసి తిన్నా, బిడ్డను ముద్దాడినా ఇది అంటదు, ఆ టెన్షన్ వద్దు. బ్లేడు, బ్రష్, గోళ్ల కత్తెర మాత్రం ఎవరివి వాళ్లకే ఉండాలి. రేపు కొండపై బిడ్డకు పుట్టువెంట్రుకలు తీయించేటప్పుడు కూడా కొత్త బ్లేడు పెట్టారో లేదో చూసుకోండి.