సందేహాలు – సమాధానాలు: మండలాగ్రమా, కరవాలమా?

సందేహం: ఐరోపా మధ్యయుగాల కథ ఒకటి అనువదిస్తూ 'నైట్ తన పది కిలోల మండలాగ్రాన్ని దూశాడు' అని రాశాను. మిత్రుడు 'కరవాలం' అనాలంటాడు. రెండూ పర్యాయపదాలే కదా! ఏది సాధువు?

సమాధానం: ముందు ఆ పది కిలోలు దించండి. నైట్లు ఒంటిచేత్తో తిప్పే కత్తి కిలో, కిలోంపావు తూగేది. బాగా బరువైనదైనా కిలోన్నరకు అటూ ఇటూ. అలుగు (పిడి పోగా మిగిలిన కత్తి భాగం) నడుమ పొడుగునా తీసిన గాడి కూడా బరువు తగ్గించడానికే. అది నెత్తురు కారే దారి అని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఇక మాట సంగతి. 'కౌక్షేయకో మండలాగ్రః కరవాలః కృపాణవత్' అని అమరకోశ నిఘంటువులో అమరసింహుడు కత్తి పేర్లన్నిటినీ ఒకే వరుసలో పెట్టిన మాట నిజమే. పద్యం రాసేవారు గణం కోసం అందినదాన్ని వాడుకున్నారంటే అర్థముంది. వచనం రాసే మీకేం వచ్చింది?

ఆ వరుసలో నాకు ప్రీతిపాత్రమైనది కౌక్షేయకం. 'కులకుక్షిగ్రీవాభ్యః శ్వాస్యలంకారేషు' అంటూ వ్యాకరణకర్త పాణిని కుక్కనూ కత్తినీ కంఠాభరణాన్నీ ఒకే సూత్రంలో బిగించాడు. కులం నుంచి కౌలేయకం, మంచి జాతి కుక్క. గ్రీవ నుంచి గ్రైవేయకం, మెడలోని నగ. కుక్షి నుంచి కౌక్షేయకం, ఒర కడుపులో దాగేది. ఈ మాట విలువ తెలిసినవాడు బాణుడు. తన కాదంబరి కథ మొదట్లో శూద్రక మహారాజు కొలువుకు వచ్చే ప్రతీహారికి, అంటే ద్వారపాలికకు, ఎడమపక్కన కౌక్షేయకం వేలాడదీసి, పాము చేరిన చందనలతలా ఉందన్నాడు. భయమూ అందమూ ఒక్క ఉపమానంలో ఇమిడాయి. మీ నైట్లూ సాధారణంగా ఎడమపక్కనే కట్టేవారు లెండి.

కత్తికే మరో పేరు నిస్త్రింశం. అంటే ముప్పై అంగుళాలు మించినది. వేలి వెడల్పు అంగుళమే గాని స్కేలు మీదిది కాదు. దయలేనివాడనే అర్థమూ ఉంది. కరవాలం తప్పు కాదు. కాకపోతే ఎవరు ఎవరిని రాజీనామా అడిగినా 'కరవాలం ఝళిపించారు' అని రాసి రాసి మన పత్రికలవారు దాని పదును పోగొట్టారు.

మండలాగ్రమంటే వట్రువ కొన గలది. చిక్కంతా ఇక్కడే. మీ నైట్ ఏ శతాబ్దం వాడో ఉత్తరంలో రాయలేదు. 12వ శతాబ్దం వాడైతే ఎదుటివాడి ఒంటిమీద ఇనుప ఉంగరాల కవచం. కత్తి ప్రధానంగా నరకడానికే, కొన కాస్త గుండ్రమే. మీ మాటను ఎలాగో సమర్థించవచ్చు. 14వ శతాబ్దంలో పలకల కవచం బలపడింది. నరికితే తెగదు, సందు చూసి పొడవాలి. అందుకని అలుగు కొనదాకా సన్నగిల్లి మొన తేలింది. 1415 నాటి ఆజిన్‌కోర్ట్ యుద్ధంలోని యోధుడి చేతికి మండలాగ్రం ఇస్తే మాత్రం నేను ఒప్పుకోను.

శతాబ్దం తేలేదాకా 'ఖడ్గం' అనండి. 'కత్తి' అన్నా కథకు లోటు లేదు. కౌక్షేయకమే వాడతానంటే అడ్డు చెప్పను గానీ, అర్థం అడుగుతూ వచ్చే ఉత్తరాలకు జవాబు మీరే రాసుకోవాలి.