చిట్టితల్లికి, గ్రూపు వదిలే ముందు

చిట్టితల్లికి పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఉత్తరమని నేను మర్యాదకు అంటున్నాను గానీ, అది పదకొండు ముక్కలుగా ఫోనులోకి వచ్చిపడ్డ సందేశం. అన్నీ వరసగా పేర్చి చదివితే తేలింది ఇది: మీ మేనత్త "ఈ రాత్రి ఆకాశంలో ఇద్దరు చంద్రులు" అని కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టింది. దాని కింద నువ్వు "ఫేక్. చదువుకున్నవాళ్ళు కూడా ఇలాంటివి పంపితే ఎలా?" అని రాశావు. మూడు రోజులుగా ఆవిడ శుభోదయం బొమ్మ కూడా పెట్టడం లేదు. మీ నాన్న నీ మీద విసుక్కున్నాడు. ఇక నువ్వు గ్రూపులోంచి వెళ్ళిపోతానంటున్నావు.

వెళ్ళిపోవద్దు. నువ్వన్న మొదటి మాటలో తప్పు లేదు. రెండో వాక్యం ఉంది చూశావూ, అది చంద్రుడి గురించి కాదు, అత్తయ్య గురించి. అది చదివాక ఆవిడకు చంద్రుడు ఎక్కడ గుర్తుంటాడు?

నా సంగతి చెబుతాను. ముప్ఫై రెండేళ్ళు ఇంటర్మీడియట్ పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి. అలాంటి నేనే కొన్నేళ్ళ కిందట దీపావళినాడు ఒక ఫొటో పంపాను. చీకట్లో మన దేశం రంగురంగుల దీపాలతో వెలిగిపోతోంది. కింద "అంతరిక్షం నుంచి దీపావళి, నాసా తీసిన చిత్రం" అని ఉంది. ఛాతీ ఉప్పొంగి నలభై మందికి పంపాను. పది నిమిషాలకు నా పాత విద్యార్థి ఒకడు, గ్రూపులో కాదు, నాకు విడిగా రాశాడు: "మాస్టారూ, ఈ ఫొటోలో తెలుపు, నీలం, ఆకుపచ్చ, ఎరుపు మాత్రమే ఎందుకున్నాయంటారు?"

నేను ఆలోచించనే లేదు. తీరా వెతికితే అది ఒక రాత్రి తీసిన ఫొటోయే కాదు. అమెరికా వాతావరణ, సముద్ర పరిశోధన సంస్థ నోవా వాళ్ళు ఎన్నో రాత్రుల ఉపగ్రహ సమాచారాన్ని కలిపి 2003లో తయారుచేసిన పటం. తెల్లటి చోట్ల 1992కు ముందే దీపాలున్నాయి. నీలం 1992లో కనిపించినవి, ఆకుపచ్చ 1998లో, ఎరుపు 2003లో. అంటే నేను పంపింది దీపావళి కాదు, మన ఊళ్ళు వెలుగులోకి వచ్చిన చరిత్ర. నిజం చెప్పొద్దూ, దీపావళి కన్నా అదే బాగుంది. ఆ సాయంత్రం నా తప్పు నేనే గ్రూపులో చెప్పుకుని, రంగుల అర్థం రాశాను. ఆ కుర్రాడు అందరిముందూ "ఇది అబద్ధం మాస్టారూ" అని ఉంటే నేనేం చేసేవాణ్ణో నాకు తెలుసు. ఏదో ఒక అడ్డగోలు సమర్థన వెతికి ఉండేవాణ్ణి.

అందుకని నీకు చెప్పేది ఒకటే. అబద్ధం దొరికితే ముందు దాంట్లో నిజం ఎక్కడుందో వెతుకు. చాలాసార్లు ఉంటుంది, ఆ అబద్ధం కన్నా రుచిగా ఉంటుంది.

ఇద్దరు చంద్రుల కథే తీసుకో. 2003 ఆగస్టు 27న అంగారకుడు భూమికి సుమారు 5 కోట్ల 58 లక్షల కిలోమీటర్ల దూరానికి వచ్చాడు. దాదాపు అరవై వేల ఏళ్ళలో అంత దగ్గరికి రావడం అదే మొదటిసారి. అప్పుడు ఎవరో ఇంగ్లీషులో ఒక ఈమెయిల్ రాశారు: డెబ్బై అయిదు రెట్లు పెద్దదిగా చూపే టెలిస్కోపులో చూస్తే అంగారకుడు, మామూలు కంటికి పున్నమి చంద్రుడు కనిపించేంత ఉంటాడని. అందులో అబద్ధం ఏమీ లేదు. కానీ టెలిస్కోపు మాట ఒక వరసలో, పున్నమి చంద్రుడి మాట తరువాతి వరసలో పడ్డాయి. చదివినవాళ్ళు రెండో వరస మాత్రమే పట్టుకున్నారు. ఆ తరువాత టెలిస్కోపు రాలిపోయింది, సంవత్సరమూ రాలిపోయింది. ఆగస్టు వచ్చిందంటే చాలు, ఇద్దరు చంద్రులు మాత్రం ఉదయిస్తూనే ఉన్నారు. అత్తయ్య పంపినదాంట్లో "మళ్ళీ 2287లోనే" అని ఉంది కదా, అది కూడా నిజమే. అంతకన్నా దగ్గరికి అంగారకుడు వచ్చేది ఆ ఏడాదే.

ఇప్పుడు ఇలా చేసి చూడు. పాత రూపాయి బిళ్ళ, పాతిక మిల్లీమీటర్ల వెడల్పుది, గోడకు అంటించి మూడు మీటర్లకు కాస్త తక్కువ దూరంలో నిలబడు. చంద్రుడు మనకు కనిపించేది అంత. అదే బిళ్ళను రెండు వందల మీటర్ల అవతల పెట్టించు. ఎంత దగ్గరికొచ్చిన అంగారకుడైనా అంతే. బిళ్ళ కనపడితే నాకు కబురు చెయ్యి! ఈ సంగతి "ఫేక్" అన్న చోట రాసి ఉంటే, అత్తయ్య వీధి చివర బిళ్ళ పట్టుకుని నిలబడమని మీ మామయ్యను పంపి ఉండేది. నేను హాస్యానికి అనడం లేదు. ఆవిడ సంగతి నీకు తెలియదు.

2019 డిసెంబర్ 26న సూర్యగ్రహణం వచ్చింది. పొద్దున్నుంచీ టీవీల్లో ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు పోసి రోకలి నిలబెట్టడమే. అత్తయ్య కూడా పక్కింటివాళ్ళ రోకలి వీడియో పెట్టి, "శాస్త్రవేత్తలు దీనికేమంటారు?" అని నన్నే పొడిచింది. నేను నోరు మూసుకున్నాను. గ్రహణంనాడు ఆ వాదన గెలవడం ఎవరి తరమూ కాదు. సంక్రాంతి వెళ్ళాక ఒక మంగళవారం వాళ్ళింటికి వెళ్ళి, కాఫీ తాగి, "మన అమ్మ రోకలి ఉందా?" అని అడిగాను. అటక మీంచి దింపించింది. బూజు దులిపి, తడిగుడ్డతో తుడిచింది. అడుగున ఇనప పొన్ను ఒకవైపు కాస్త అరిగి ఉంది. వంటింటి గచ్చు మీద తనే నిలబెట్టింది. ఒరిగింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ ఒరిగింది. మూడోసారి పావువంతు తిప్పి, వేళ్ళ చివరలతో పట్టి, ఒక్కొక్క వేలే వదిలింది. నిలబడింది. అలవాటుకొద్దీ చేతులు జోడించబోయి ఆగి, గోడ మీది క్యాలెండర్ చూసి, "ఇవాళ గ్రహణం లేదే!" అంది.

నేను అన్నదల్లా అడుగు చదునుగా ఉండి, బరువు సరిగ్గా అడుగు పైన పడితే ఏ రోజైనా నిలబడుతుందని. ఆ వీడియో ఆవిడే తీసి ఆవిడే గ్రూపులో పెట్టింది. ఆ తరువాత వచ్చిన గ్రహణాలకు మన గ్రూపులోకి రోకళ్ళు రాలేదు.

మీ బాబాయి దారి వేరు. ఆయనకు ఏడాదికొకసారి "ఈ రాత్రి పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా కాస్మిక్ కిరణాలు భూమికి దగ్గరగా వెళతాయి, ఫోన్లు ఆపేయండి" అని వస్తుంది. మొన్నటిసారి నేను రాశాను: "తమ్ముడూ, అరచెయ్యి చాచి ఉంచు. సెకనుకు ఒకటి చొప్పున ఆ కిరణాల వల్ల పుట్టిన మ్యూఆన్లనే సూక్ష్మ కణాలు దాంట్లోంచి దూసుకుపోతూనే ఉంటాయి. నువ్వు పుట్టిన రోజునుంచీ అంతే." వాటి తాకిడి తప్పించుకోవడానికే శాస్త్రవేత్తలు పరికరాలను కోలార్ బంగారు గనిలో రెండు కిలోమీటర్లకు పైగా లోతున పెట్టుకున్నారని, 1965లో వాతావరణంలో పుట్టిన న్యూట్రినోలనే మరో రకం సూక్ష్మ కణాల జాడ అక్కడే దొరికిందని కూడా రాశాను. మీ పిన్ని పుట్టిల్లు కోలార్ కదా. వాళ్ళ తాతగారు ఆ గనిలోనే పనిచేశారట. ఇన్నేళ్ళుగా మాకెవరికీ తెలియదు. మూడు రోజులు గ్రూపంతా గని కబుర్లే. ఫోన్ల సంగతి ఎవరికీ గుర్తులేదు.

అన్నిటికీ ఈ ఓపిక పనికిరాదు. షుగరు మాత్రలు మానేసి ఫలానా రసం తాగమనే సందేశం వస్తే ప్రశ్నలు, కథలు పెట్టుకోకు. రాయడం కూడా కాదు, నేరుగా ఫోను చేసి మాత్రలు మానొద్దని చెప్పు. డబ్బు లింకులైనా అంతే. ఎవరైనా ఇప్పటికే నొక్కి డబ్బు పోగొట్టుకుని ఉంటే తిట్టడం తరువాత, ముందు 1930కి ఫోను చేయించు, ఎంత త్వరగా అయితే అంత మంచిది. మన గొంతునే అనుకరించి డబ్బడిగే యంత్రాలు కూడా వచ్చాయి కాబట్టి, మీ పెద్దమ్మ ఒక ఏర్పాటు చేసింది. ఎవరు ఆపదలో ఉన్నామని ఫోను చేసినా ముందు మన తాతగారి గేదె పేరు చెప్పాలి. నీకు తెలియకపోతే నాన్నను అడుగు. ఫోనులో రాయకు.

సినిమాల జోలికి మాత్రం అసలు వెళ్ళకు. బాబాయి, మీ బావ మొదటిరోజు వసూళ్ళ మీద కొట్టుకుంటుంటారు. ఒకరు గ్రాస్ లెక్క చెబుతారు, ఇంకొకరు షేర్ లెక్క చెబుతారు. టిక్కెట్ల మీద వచ్చిన మొత్తం ఒకటి, పన్నూ హాలు అద్దె పోగా మిగిలింది ఇంకొకటి. రెండూ ఎప్పటికీ కలవవు. ఒకసారి పెద్దరికం చూపించి ఈ తేడా వివరించాను. ఒక్కరూ పలకలేదు. అప్పుడు అర్థమైంది, వాళ్ళకు కావలసింది లెక్క కాదు, కొట్లాట. అదొక ఆట, ఆడుకోనీ. అయితే సినిమావాళ్ళు రాయలసీమను పిలిచే "సీడెడ్" అన్న పేరుకు అర్థం ఏమిటని నేను అడిగితే మాత్రం ఇద్దరూ తెల్లమొహం వేశారు. 1800లో నిజాం ఆ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి వదులుకున్నాడు గనక ఆ పేరు; ఇంగ్లీషులో సీడెడ్ అంటే వదులుకున్నవని. 1928లో నంద్యాల సభలో రాయలసీమ అని చక్కటి పేరు పెట్టుకున్నాం. కంపెనీ పోయింది, నిజామూ పోయాడు, సినిమా పంపిణీదారుల దగ్గర మాత్రం రాయలసీమకు "సీడెడ్", తెలంగాణకు "నైజాం" అన్న పేర్లతో ఇద్దరూ బతికే ఉన్నారు!

ఇక నువ్వు చెయ్యాల్సిన పని. అత్తయ్యకు క్షమాపణ గ్రూపులో రాయకు, నాటకంలా ఉంటుంది. విడిగా ఫోను చెయ్యి. చంద్రుడి మాట నువ్వుగా ఎత్తకు. నిన్న నాతో మాట్లాడినప్పుడు నీ మీద నాలుగు మాటలు అన్నాక ఒక ప్రశ్న వేసింది. "అన్నయ్యా, పొట్టి రోకలి అయితే గచ్చు మీద ఇట్టే నిలబడుతుంది, పొడవుది సతాయిస్తుంది. మరి చిన్నప్పుడు మన వీధిలోకి వచ్చిన గారడీవాడు అంత పొడవు గడను అరచేతిలో నిలబెట్టేవాడు, పెన్సిలంత పుల్లను నిలబెట్టమంటే నవ్వేసేవాడు. అదెలా?"

నాకు జవాబు తెలుసు. చెప్పలేదు. "చిట్టి ఫోను చేస్తుంది, దాన్ని అడుగు" అన్నాను.