మా ఊరి భారతానికి వికలాంగులు కూడా వచ్చి చూడాలంటే ర్యాంపు కడితే చాలా?

చిత్తూరు దగ్గర మీ ఊరి ద్రౌపదమ్మ గుడిలో భారతం, అంటే మహాభారత కథను హరికథగా, నాటకంగా రోజుల తరబడి నడిపే ఉత్సవం, పెడుతున్నారు, చూపు లేనివాళ్లూ వినపడనివాళ్లూ వీల్‌చైర్‌లో వచ్చేవాళ్లూ కూడా చూడాలి, ర్యాంపు కడితే సరిపోతుందా అని అడిగారు. చాలదు. ర్యాంపు మనిషిని పందిరి దాకా తెస్తుంది. కథ ఆ మనిషి దాకా పోవాలంటే ఇంకో ఏర్పాటు కావాలి. కమిటీలు మరిచిపోయేది దాన్నే.

మధ్యాహ్నం హరికథతో చూపు లేనివాళ్లకు పెద్ద ఇబ్బంది లేదు, అంతా గొంతులోనే ఉంటుంది. చిక్కంతా రాత్రి వీధినాటకంతో, అర్జునుడి వేషగాడు ఎత్తైన మాను ఎక్కి కింది జనానికి నిమ్మకాయలు విసిరే అర్జున తపస్సు రోజుతో. జనం ఒక్కసారిగా గోల పెడతారు, ఎందుకో వీళ్లకు అర్థం కాదు. నలుగురైదుగురికి ఒకరు చొప్పున పక్కన కూర్చుని చెప్పే మనిషిని పెట్టండి. ఫోన్ కాన్ఫరెన్సులో చెబుదామనుకోవద్దు, అంత జనంలో సిగ్నల్ నిలవదు. ఆ మనిషికి నాటకం ముందే తెలిసుండాలి. పద్యం సాగుతుండగా మాట్లాడకూడదు, రాగం తీసేటప్పుడు అసలే కూడదు. హార్మోనియం ఒక్కటే మోగే సందులో రెండు ముక్కలు చెప్పాలి: ‘సగం మాను ఎక్కినాడు. ఎడమ చేత్తో మాను పట్టుకుని, కుడిచెయ్యి సంచిలో పెట్టినాడు. నిమ్మకాయ మనవైపు విసిరినాడు.’ అంతే. ‘ఎంత భక్తిగా ఎక్కుతున్నాడో’ అనే మాట వద్దు, భక్తి వాళ్లకు గొంతులో వినిపిస్తూనే ఉంటుంది. వేషాలు కట్టే చోటికి ముందుగా తీసుకుపోయి కిరీటం, భుజకీర్తులు, గద చేత్తో తడిమి చూడనివ్వండి. కళాకారులను ముందే అడిగిపెట్టుకోండి, రంగు పూసుకునే తొందరలో అడిగితే విసుక్కుంటారు.

వినపడనివాళ్లకు సైగల భాష చెప్పేవాళ్లు ఇద్దరుండాలి. ఇరవై, ముప్పై నిమిషాలకోసారి మారకపోతే చేతులకంటే ముందు బుర్ర అలిసిపోయి మాటలు జారిపోతాయి. తిరుపతిలో టీటీడీ నడిపే శ్రీ వేంకటేశ్వర బధిర పాఠశాల ఉంది, మనుషుల కోసం అక్కడ అడిగి చూడండి. పద్యాలకు తాత్పర్యం కనీసం వారం ముందు వాళ్ల చేతికి అందాలి. ధర్మరాజుకు, శకునికి, దుశ్శాసనుడికి ఏ సైగ వాడాలో ముందే అనుకోకపోతే జూదం ఘట్టంలో ఎవరు ఎవరో తెలియదు. నిలబడే చోటు స్టేజీకి ఒక పక్కన, వినపడనివాళ్ల కుర్చీలూ అదే పక్కన. ఒంటిరంగుకు భిన్నంగా కనబడే సాదా చొక్కా వేసుకోవాలి. ఒక ఫోకస్ లైటు వాళ్ల మీదే ఉండాలి. స్టేజీ లైట్లు ఆర్పేటప్పుడు ఆపరేటరు దాన్నీ ఆర్పేస్తాడు, అందుకే దానికి వేరే స్విచ్చు పెట్టించండి. ఎల్‌ఈడీ తెర ఉంటే పద్యాలు రెండేసి పాదాలుగా ముందే టైపు చేసిపెట్టి, నాటకం తెలిసిన మనిషి చేత మార్పించండి. మాట విని తనంతట రాసే యాప్‌లు పద్యాన్ని ఛిద్రం చేస్తాయి. తెర ఉంది కదా అని సైగలు మానొద్దు, తెలుగు చదవడం అందరికీ వేగంగా రాదు.

ఇక ర్యాంపు. ఒక అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు లెక్క. రెండడుగుల స్టేజీకి 24 అడుగులు, వెడల్పు కనీసం నాలుగు, కిందా పైనా ఐదేసి అడుగుల చదును. చోటు లేదని పొడవు తగ్గిస్తే వీల్‌చైర్ వెనక్కి తిరగబడుతుంది. చదునులో బొమ్మల అంగడి పెట్టకుండా తాడు కట్టండి, మొదటి రోజే ఆక్రమించేస్తారు. మెత్తటి నేలలో ముందు చక్రాలు దిగబడతాయి కాబట్టి గేటు నుంచి పందిరి దాకా ప్లైవుడ్ షీట్లు పరవాలి. ఒకదాని మీద ఒకటి ఎక్కించి పరిస్తే అంచు చక్రానికి తగులుతుంది, చూపు లేనివాళ్ల చేతికర్ర చిక్కుకుంటుంది. అంచుకు అంచు ఆనించి, అతుకు కింద పట్టీ వేసి మేకులు కొట్టించండి. వీల్‌చైర్‌కు మూడడుగులు బై నాలుగడుగులు చోటు, పక్కనే తోడొచ్చిన మనిషికి కుర్చీ. మాను కింద మాత్రం వద్దు. నిమ్మకాయల కోసం జనం తోసుకుంటారు, బయటికి దారి ఉండదు. పది అడుగులు వెనక, ఎత్తుగా చెక్కల తిన్నె కట్టించి దాని మీద పెట్టండి, ముందువాళ్లు లేచినా కనబడుతుంది. ఆ తిన్నెకూ ఇదే లెక్కన ర్యాంపు కావాలి.

వెస్టర్న్ కమోడ్, బయటికి తెరుచుకునే మూడడుగుల తలుపు ఉన్న మరుగుదొడ్డి ఒక్కటైనా ఉండాలి. లేకపోతే మధ్యాహ్నం నుంచి నీళ్లు మానేసి వస్తారు, లేదా సగంలో లేచిపోతారు. ఆడవాళ్లకు ఈ బాధ మరీ ఎక్కువ.

కరపత్రం ప్రెస్సుల్లో వాడే ‘అను’ ఫాంట్లలో చేసి పంపితే, చూపు లేనివాళ్లకు తెర మీది అక్షరాలు చదివి వినిపించే ఫోన్‌లోని టాక్‌బ్యాక్ దాన్ని చదవలేదు. బొమ్మగా పంపినా సరిగ్గా చదువుతుందన్న నమ్మకం లేదు. అదే విషయం వాట్సాప్‌లో మామూలు తెలుగులో టైపు చేసి బొమ్మ కింద పెట్టండి. ఏ గేటు, ఎన్ని మెట్లు, మరుగుదొడ్డి ఉందా లేదా, ఎవరికి ఫోన్ చేయాలి, దుర్యోధన వధ రోజు టపాసులు ఎన్ని గంటలకు, అన్నీ రాయండి. ఆ శబ్దానికి బెదిరే పిల్లలున్నవాళ్లు ఆ వేళకు పక్కకు పోగలుగుతారు. ఏది కట్టలేకపోయారో అదీ రాయండి, దూరం నుంచి ఆటో మాట్లాడుకుని వచ్చి వెనక్కి తిరిగిపోవడం వాళ్లకు తప్పుతుంది.