అరకులో రాత్రంతా మొరిగాడు

ప్రశ్న: డాక్టర్‌గారూ, మా రాజుకు నాలుగేళ్లు. ఊరకుక్కే, పిల్లగా ఉన్నప్పుడు తెచ్చుకున్నాం. ఇంట్లో ఎంతో బుద్ధిగా ఉంటాడు. కిందటి చలికాలం అరకు తీసుకువెళ్తే ఘాట్‌రోడ్డులో రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. గదిలో ఉంచి భోజనానికి వెళ్లి వచ్చేసరికి తలుపంతా గీకేశాడు. ఆ రాత్రంతా మొరుగుడే. పక్కగదివాళ్ల ముందు తలెత్తుకోలేకపోయాం. ఈ డిసెంబరులో మళ్లీ వెళ్తున్నాం. నిద్రమాత్ర ఏదైనా ఇవ్వవచ్చా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: మీ ఇంట్లో ఉన్న మాత్ర ఏదీ ఇవ్వకండమ్మా. వాంతులకు మందు కావాలంటే రాజును చూసి, బరువు తూచిన పశువైద్యుడే రాయాలి.

తంటా అంతా ‘గదిలో ఉంచి భోజనానికి వెళ్లి’ అన్నచోట ఉంది. కడుపు తిప్పే ప్రయాణం, ఫినాయిలు కంపు కొట్టే కొత్త గది, ఆపైన మీరు తలుపు వేసుకుని వెళ్లిపోయారు. తిరిగి వస్తారని వాడికి ఎవరు చెప్పారు?

కుక్కకు ఇల్లంటే వాసన. మా చిట్టిని మొదటిసారి మా అన్నయ్యగారింటికి తీసుకువెళ్లినప్పుడు, పరువు కోసం దాని పాత దుప్పటిని ఉతికి మడతపెట్టి మరీ పట్టుకెళ్లాను. ఒక్కసారి మూతి ఆనించి వదిలేసింది. గదంతా వెతికి, నేను విడిచిన మాసిన లుంగీ చుట్టూ మూడుసార్లు తిరిగి, దాని మడతలో ముక్కు దూర్చి పడుకుంది. ఇన్నేళ్ల పశువైద్యం అయ్యాక నాకు ఆ పాఠం చెప్పింది మా కుక్క! కాబట్టి రాజు పక్కగుడ్డ ఉతకకుండా తీసుకువెళ్లండి. వాడి నీళ్ల గిన్నె, రోజూ తినే తిండి కూడా.

చేరగానే సామాను సంగతి తర్వాత చూసుకోవచ్చు. గొలుసుతోనే బయట కాసేపు తిప్పి, మూత్రం పోయించి, అప్పుడు లోపలికి తీసుకురండి. మంచం కింద, స్నానాలగది, మూలమూలలు వాసన చూడనివ్వండి. తలుపుకు దూరంగా ఒక మూల గుడ్డ పరవండి. మొదటి సాయంత్రం మీలో ఒకరు గదిలోనే ఉండాలి. వంతులవారీగా తినండి. మర్నాడు తలుపు వేసి నాలుగడుగులు వెళ్లి, వాడు కుయ్యిమనకముందే రండి. మెల్లగా సమయం పెంచండి. ఇది ఇప్పటినుంచే ఇంట్లో, వీలైతే చుట్టాలింట్లో ఒక రాత్రి ఉండి అలవాటు చేయండి.

ప్రయాణానికి మూడు నాలుగు గంటల ముందే తిండి పెట్టేయండి. 115 కిలోమీటర్ల దారి కదా, ఘాట్ ఎక్కేముందు శృంగవరపుకోట దగ్గర దింపి నడిపించండి. కారు తలుపు తెరవకముందే గొలుసు తగిలించడం మరవకండి. అక్కడి వీధికుక్కలకు రాజు పరాయివాడే. మనం ఊరకుక్క అనుకున్నంత మాత్రాన వాటికి చుట్టం కాడు.

అరకులో రాజు నోటికి అందనివ్వకూడనివి రెండున్నాయి: కాఫీ మ్యూజియంలో కొనే చాక్లెట్, బొంగు చికెన్ ఎముకలు. మొదటిది కుక్కకు విషం. ఉడికిన ఎముక చీలి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది. పిల్లలకు గట్టిగా చెప్పండి. గడ్డిలో తిరిగి వచ్చాక చెవుల్లోనూ కాలివేళ్ల సందుల్లోనూ గోమార్లు చూడండి. రాత్రి చలికి వరండాలో కట్టకండి. రేబిస్ టీకా పుస్తకం దగ్గర ఉంచుకోండి.

కుక్కతో వస్తున్నామని గది యజమానికి ముందే చెప్పండి. కిందటిసారి గీకిన తలుపుకు డబ్బు ఇచ్చారో లేదో మీరు రాయలేదు. అదే చోటికి వెళ్తుంటే ముందు ఆ లెక్క తేల్చుకోండమ్మా.