రోములో ఒక్క రోజు: మేనకోడలికి ఉత్తరం

చి. లహరికి, మామయ్య ఆశీస్సులు.

నిన్న ఫోనులో నువ్వు చదివిన లిస్టు విన్నాక రాయక తప్పలేదు. ఒక్క రోజులో కొలోసియం, ఫోరం శిథిలాలు, వాటికన్ మ్యూజియం, ట్రెవీ ఫౌంటెన్, స్పానిష్ స్టెప్స్ మెట్లు! నువ్వొక్కదానివే అయితే సరే అనేవాణ్ణి. నీతో వస్తున్నది మోకాళ్ల నొప్పులున్న మా అక్క, గంటకోసారి టీ అడిగే మా బావగారు. వాటికన్ తీసెయ్. ఆ మ్యూజియానికే సగం రోజు పోతుంది, పైగా అది నదికి అవతలి వైపు. మీరు పాత రోములోనే తిరగండి.

కొలోసియం టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో, పొద్దున్న మొదటి స్లాటుకు తీసుకో. టికెట్ మీద పేర్లుంటాయి, గేటు దగ్గర గుర్తింపు అడుగుతారు. మెట్రో బి లైనులో కొలోసియో స్టేషన్‌లో దిగి బయటికి రాగానే ఎదురుగా అదే కనిపిస్తుంది. లోపల లిఫ్ట్ ఉంది, అక్క కోసం అడుగు, మొహమాటపడకు. బయట గ్లాడియేటర్ వేషంలో ఫొటోకి రమ్మనేవాళ్లు, చేతికి దారం కట్టబోయేవాళ్లు ఉంటారు. ఇద్దరూ తర్వాత డబ్బులడుగుతారు. చేతులు జేబులో పెట్టుకుని నడవమను.

అదే టికెట్‌తో ఫోరం కూడా చూడొచ్చు. నా మటుకు నాకు కొలోసియం కన్నా ఫోరమే ఇష్టం. నీడ ఉండదు, రాళ్లు ఎగుడుదిగుడు, కాబట్టి ఎండ ముదరక ముందే వెళ్ళాలి. చెప్పులు వద్దు, బూట్లే. అక్కడ ఆంటోనైనస్ చక్రవర్తి చనిపోయిన తన భార్య ఫౌస్టినాకు 2వ శతాబ్దంలో కట్టించిన గుడి ఉంది. ముందు పాత స్తంభాలు, వాటి వెనకే తర్వాతి కాలంలో లేచిన చర్చి. బావగారు రాళ్లు చూసి విసుక్కుంటే, వాళ్ల వినుకొండ దగ్గర రోమన్ బంగారు నాణేలు దొరికాయని చెప్పు. మచిలీపట్నం వైపు నుంచి సన్నని నూలుబట్టలు ఓడలెక్కిన కాలం అది. ఇక ఆయన్ను అక్కణ్ణుంచి కదపడమే కష్టం.

మధ్యాహ్నం పిజ్జా అల్ టాలియో కొట్టు వెతుక్కోండి. కత్తెరతో కోసి, తూకం వేసి ఇస్తారు. అక్క మాంసం ముట్టదు కాబట్టి చేప, హామ్ లేవని రెండుసార్లు అడుగు. కాఫీ కౌంటర్ దగ్గర నిలబడి తాగితే చవక, కూర్చుంటే ఎక్కువ. అయినా కూర్చోండి. మోకాళ్లకు విశ్రాంతి, బాత్రూమ్ కూడా దొరుకుతుంది. నీళ్లు కొనొద్దు, ఖాళీ సీసా ఉంటే చాలు. వీధుల్లో ఎప్పుడూ పారే ఇనుప కుళాయిలుంటాయి. కింది మూతిని వేలితో మూస్తే పై చిల్లులోంచి నీళ్లు చిమ్ముతాయి, నేరుగా తాగొచ్చు.

తర్వాత పాంథియన్, పాత రోమన్ల గుడి. అది ఇప్పుడు చర్చి, భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. అక్క చీరకి ఇబ్బంది లేదు, నీ నిక్కర్లే జాగ్రత్త. గోపురం అడ్డంగా 43 మీటర్ల పైమాటే. లోపల ఇనుము లేకుండా ఉట్టి కాంక్రీటుతో కట్టారు. పైకి వెళ్లేకొద్దీ గోడ పలచబడుతుంది, కలిపిన రాయి కూడా తేలికది. అందుకే ఇన్ని వందల ఏళ్లుగా నిలబడింది. నడినెత్తిన దాదాపు 9 మీటర్ల కన్నం. వాన పడితే లోపలే పడుతుంది, నేలలో నీళ్లు పోయే చిల్లులున్నాయి. ఒక మూల కూర్చుని ఆ వెలుతురు మచ్చ గోడ మీద జరగడం చూడండి. తొందరపెట్టకు.

ట్రెవీ సాయంత్రం చాలు. స్పానిష్ స్టెప్స్ మీద కూర్చుంటే జరిమానా, అక్కకి ముందే చెప్పు. పాస్‌పోర్టులు, డబ్బు లోపలి జేబులో ఉండాలి. 64వ నంబరు బస్సులోనూ, టెర్మినీ స్టేషన్లోనూ జేబుదొంగలు మహా నేర్పరులు. రాత్రికి అలసిపోతే స్టాండులో ఉన్న తెల్ల ట్యాక్సీ ఎక్కు, మీటర్ వేశాడో లేదో చూసుకో.

వాటికన్ లేదంటే బావగారు అలుగుతారని నాకు తెలుసు. ఆ సంగతి నేను మాట్లాడతాను, నువ్వు టికెట్లు చూడు.

మీ మామయ్య